బీ.టెక్ గడప దాటిన తర్వాత

(మన సంస్థ వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీమ్.



విద్యా నిధికి మీరిచ్చే ప్రతి రూపాయి ఎక్కడికి వెళ్తోందని అడిగే హక్కు మీది. చెప్పవలసిన బాధ్యత మాది. ఇన్నేళ్లుగా ఆ డబ్బు బడి ఫీజులకు, పుస్తకాలకు, ఇంటర్‌కు, డిప్లొమాకు, బీ.టెక్‌లో చేరే పిల్లల ఖర్చులకు వెళ్తోంది. ఇప్పుడు మా దగ్గరికి కొత్తరకం అర్జీలు వస్తున్నాయి. మెకానికల్ బీ.టెక్ పూర్తిచేసిన పిల్లలు, "త్రీడీ ప్రింటింగ్‌లో ఎం.టెక్ చేస్తాం, చేయూత ఇవ్వండి" అంటున్నారు. బొమ్మలు చేసే మిషన్ చదువుకు మన డబ్బు ఎందుకని మీలో కొందరు అడిగారు. ఒక్కడికి ఇచ్చే డబ్బుతో పదిమంది బడిపిల్లలకు పుస్తకాలు వస్తాయి కదా అని ఇంకొందరు అన్నారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అసలు ఇది ఏం పని?

కార్ఖానాలో ఒక లోహపు భాగం కావాలంటే ఇనుప దిమ్మెను లేత్ మీద బిగించి, అక్కర్లేనిదంతా చెక్కి తీసేస్తారు. లేదా అచ్చు చేసి అందులో కరిగిన లోహం పోస్తారు. ఎడిటివ్ మాన్యుఫాక్చరింగ్ అనే ఈ పద్ధతిలో చెక్కడం లేదు, అచ్చు లేదు. మన పల్లెల్లో మట్టిగోడ ఎలా లేపేవారో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒక వరస పెట్టి, అది ఆరాక దాని మీద మరో వరస పెట్టేవారు. కింది వరస ఆరకముందే తొందరపడితే గోడ కుంగేది. ఈ మిషన్ చేసేది కూడా దాదాపు అదే. కంప్యూటర్‌లో గీసిన వస్తువును వేల పలుచని పొరలుగా విడగొడతారు. మిషన్ లోహపు పొడిని పలుచగా పరిచి, కావలసిన చోట మాత్రమే లేజర్ కిరణంతో కరిగిస్తుంది. అది గట్టిపడగానే దాని మీద మళ్లీ పొడి పరుస్తుంది, మళ్లీ కరిగిస్తుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు. అలా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నడిచాక వస్తువు బయటికి వస్తుంది.

బజారులో, బడుల్లో కనిపించే చిన్న ప్లాస్టిక్ ప్రింటరు ఈ కుటుంబంలో చిన్న తమ్ముడు లాంటిది. దాన్ని చూసి ఇది బొమ్మల పని అనుకోవడం సహజం. కానీ అన్నగారి సంగతి వేరు.

మన పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశలో పీఎస్4 అనే ఇంజిన్ ఉంటుంది. పాత పద్ధతిలో దాన్ని 14 భాగాలు కలిపి చేసేవారు. వాటి మధ్య 19 వెల్డింగ్ అతుకులు ఉండేవి. ఇస్రో దాన్ని ఒకే ముక్కగా ప్రింట్ చేయించి, 2024 మే 9న 665 సెకన్లపాటు మండించి విజయవంతంగా పరీక్షించింది. ఇస్రో చెప్పిన లెక్క ప్రకారం, పాత పద్ధతిలో ఒక ఇంజిన్‌కు 565 కిలోల లోహం పట్టేది. కొత్త పద్ధతికి 13.7 కిలోల పొడి సరిపోయింది. తయారీ సమయం 60 శాతం తగ్గింది. అదే నెల 30న శ్రీహరికోట నుంచి, ఐఐటీ మద్రాసులో పుట్టిన అగ్నికుల్ కాస్మోస్ కంపెనీ ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజిన్‌తో తన అగ్నిబాణ్ పరీక్షా వాహనాన్ని ఎగరేసింది. అంతకుముందే, 2022 నవంబరు 18న, హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్‌ను అక్కడి నుంచే పంపింది. అందులోనూ ప్రింట్ చేసిన భాగాలున్నాయి.

ఇది రాకెట్లతో ఆగిపోయే పని కూడా కాదు. కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి దవడ ఎముక, కంటి చుట్టూ ఎముక పోగొట్టుకున్నవారిని మనం చూశాం. అలాంటివారి ముఖానికి సరిపోయే లోహపు ఎముకలను ఐఐటీ మద్రాసు పరిశోధకులు ప్రింట్ చేశారు. ఏ ఇద్దరి ముఖమూ ఒక్కటి కాదు గనుక అచ్చు పోసే పద్ధతి అక్కడ పనికిరాదు. రోగి స్కాన్ తీసి, ఆ కొలతకే చేయాలి. చెవి మిషన్ల పైతొడుగులు ఇప్పుడు ప్రపంచంలో చాలావరకు ఇలాగే, ఒక్కో మనిషి చెవి కొలతకు తయారవుతున్నాయి.

మరి మన కరువు సీమకు ఇది పనికొస్తుందా అంటే, ఉన్నమాట చెప్పాలి. బజారులో దొరికే బోరు మోటారు ఇంపెల్లరును ప్రింట్ చేస్తే అది కొన్నదానికంటే ఖరీదవుతుంది. అలాంటి పనికి ఈ మిషన్ వద్దు. కానీ కంపెనీ మూతపడి, ఎక్కడా దొరకని పాత మిషన్ స్పేరు పార్టుకు ఇది ఉపయోగం. కొత్త పనిముట్టు కనిపెట్టినవాడికి మొదటి నమూనా చేయడానికి ఉపయోగం. ఫౌండ్రీలో పోత పోసేముందు కావలసిన నమూనాను చెక్కతో చెక్కించే బదులు ప్రింట్ చేసుకోవచ్చు. వేరుశనగ ఒలిచే మిషన్లు, డ్రిప్పు పరికరాలు, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే యూనిట్లు ఉన్న ప్రాంతం మనది. ఈ విద్య తెలిసిన మనిషికి ఇక్కడ చేతికి పని తగులుతుంది.

పీజీ ఎందుకు?

బీ.టెక్ చదివాడు కదా, అది చాలదా అని అడిగారు. మెకానికల్ బీ.టెక్‌లో ఈ విషయం మహా అయితే ఒక పేపరు, ఒక చిన్న ల్యాబ్. మిషన్ నడపడం కొన్ని వారాల్లో నేర్చుకోవచ్చు. అయితే కంపెనీ జీతం ఇచ్చేది అందుకు కాదు. పొడి రేణువు ఎంత సైజులో ఉండాలి, దానికి తేమ తగిలితే ఏమవుతుంది, ఆర్గాన్ వాయువు మధ్య ఎందుకు కరిగించాలి, వేడి ఒకచోట పేరుకుంటే వస్తువు ఎందుకు వంగిపోతుంది, లోపల కంటికి కనిపించని బుడగ మిగిలిందో లేదో ఎలా పట్టుకోవాలి, బయటికి తీశాక కొలిమిలో ఎంతసేపు ఉంచాలి... ఇవన్నీ తెలిసినవాడే "ఈ భాగాన్ని నమ్మి విమానంలో పెట్టవచ్చు, మనిషి ఒంట్లో పెట్టవచ్చు" అని సంతకం పెట్టగలడు. లోహశాస్త్రం, లేజర్, డిజైన్, కంప్యూటర్ లెక్కలు, తనిఖీ అన్నీ కలిసిన చదువిది. ఏడాది తరగతులు, ఏడాది ప్రాజెక్టు లేనిదే చేతికి రాదు.

ఈ విద్య చరిత్ర కూడా అదే చెబుతుంది. అమెరికాలో చక్ హల్ అనే ఇంజినీరు ద్రవాన్ని కాంతితో గట్టిపరిచి పొరలు చేసే పద్ధతికి 1986లో పేటెంట్ పొందాడు. పొడిని లేజర్‌తో అతికించే పద్ధతి మాత్రం ఒక పీజీ విద్యార్థి చేతిలో పుట్టింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ అనే కుర్రవాడు, 1980ల మధ్యలో, ప్రొఫెసర్ జో బీమన్ దగ్గర తన చదువులో భాగంగా దాన్ని రూపొందించాడు. ఇవాళ ఆ దారిలో ఒక పరిశ్రమే నడుస్తోంది. రెండేళ్ల ప్రాజెక్టుకు సమయం, ఒక మంచి గురువు, ఒక ల్యాబ్ దొరికితే విద్యార్థి ఎంతదూరం వెళ్లగలడో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

2022 ఫిబ్రవరిలో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఎడిటివ్ మాన్యుఫాక్చరింగ్‌పై జాతీయ వ్యూహం ప్రకటించింది. ప్రపంచ వాటాలో 5 శాతం అందుకోవాలని, లక్షమంది నిపుణులను తయారుచేయాలని అందులో లక్ష్యాలు పెట్టుకుంది. లక్ష్యం ప్రకటించినంత మాత్రాన లక్ష ఉద్యోగాలు సిద్ధంగా ఉన్నట్టు కాదు. మన పిల్లలకు ఆ తేడా చెప్పి పంపాలి. కానీ గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన మన దగ్గరే అని చెప్పుకుంటూ వచ్చాం. 2022లో జిల్లా రెండైనా ఆకాశం మారలేదు. ఇలాంటి నేలకు 1948లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ తరలివచ్చింది. రెండేళ్ల ముందు మద్రాసు గిండీలో మొదలై, అనంతపురం చేరి, ఇప్పుడు జేఎన్‌టీయూగా పేరు పొందింది ఆ కాలేజీయే. చేను ఎండినా చదువు పండుతుందన్న నమ్మకం ఈ సీమలో ఆ కాలేజీతోనే బలపడింది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా లైన్ మీద నిలబడే పనికి ఐటీఐ, డిప్లొమా చాలు. ఆ లైన్‌కు కావలసిన పనిముట్లను, నమూనాలను రూపొందించే గదిలో కూర్చోవాలంటే ఇంకా పైచదువు కావాలి. మన పిల్లలు ఆ గదిలోకి కూడా వెళ్లాలని మా ఆశ.

మరి అడ్డం ఏమిటి? తెలివి కాదు. బీ.టెక్ అయిపోయిన రోజునుంచి ఇంట్లో లెక్క మారుతుంది. అప్పటిదాకా చదువుతున్న కొడుకు, ఆ రోజునుంచి సంపాదించవలసిన కొడుకు. నాయన మెకానిక్ షెడ్డులో పనిచేస్తుంటాడు, లేదా పరుపులు కుడుతుంటాడు, లేదా తోపుడు బండి మీద పండ్లు అమ్ముతుంటాడు. చెల్లెలి పెళ్లి ఉంటుంది. బోరు కోసం చేసిన అప్పు ఉంటుంది. ఆ ఇంట్లో "ఇంకో రెండేళ్లు" అనే మాట ఎత్తడానికే పిల్లవాడికి నోరు రాదు. బెంగళూరు బస్సెక్కి దొరికిన పనిలో చేరతాడు, లేదా గల్ఫ్‌కు కాగితాలు పెట్టుకుంటాడు. ఆ పని హలాల్ పనే, గౌరవమైన పనే. కానీ నాలుగేళ్లు చదివిన మెకానికల్ చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆడపిల్ల సంగతైతే చెప్పనక్కర్లేదు. బీ.టెక్ మార్కుల్లో ముందున్నా, హాస్టల్ ఎక్కడ, ఖర్చు ఎవరు, పెళ్లి ఎప్పుడు అనే మూడు ప్రశ్నల దగ్గర ఆమె అర్జీ కాగితం మీదికి రాకుండానే పోతుంది.

నిజానికి ఎంత డబ్బు కావాలి?

ఇక్కడే దాతలు గమనించవలసిన సంగతి ఉంది. గేట్ పరీక్షలో అర్హత పొంది, గుర్తింపు ఉన్న సంస్థలో పూర్తికాలం ఎం.టెక్ చేసే విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. రెండేళ్లకు లెక్కేస్తే 2,97,600 రూపాయలు. బీ.టెక్ విద్యార్థికి ఈ సౌకర్యం లేదు. అంటే పెద్ద ఖర్చు మన మీద పడదు. పడేది మొదట్లోనే. సీటు వచ్చిన వారంలో కట్టవలసిన ఫీజు, మొదటి సెమిస్టర్ ఫీజు, హాస్టల్ డిపాజిట్, డిజైన్ సాఫ్ట్‌వేర్ నడిచే లాప్‌టాప్, స్టైపెండ్ చేతికి వచ్చేదాకా మూడు నాలుగు నెలల భోజనం. ఆ కొద్దికాలం గట్టెక్కించే చేయి లేక సీటు వదులుకోవడం బాధాకరం. మేము అడుగుతున్నది ఆ మొదటి నెలల ఖర్చు మాత్రమే.

అందుకే పదిమంది బడిపిల్లలు ఎక్కువా, ఒక ఎం.టెక్ విద్యార్థి ఎక్కువా అనే తూకం మేము వేయడం లేదు. బడిపిల్లల పద్దులోంచి ఒక్క రూపాయి కూడా దీనికి మళ్లించం. పీజీ విద్యార్థులకు వేరే పద్దు పెట్టి, దాన్ని ఖర్జె హసనాగా నడపాలని కమిటీ ప్రతిపాదన. వడ్డీ లేదు. స్టైపెండ్ మొదలయ్యాక కొంచెం కొంచెంగా, ఉద్యోగం వచ్చాక మిగతాది తిరిగి ఇవ్వాలి. తిరిగి వచ్చిన డబ్బు తర్వాతి విద్యార్థికి వెళ్తుంది. బ్యాంకు విద్యారుణం అంటే వడ్డీ భయంతో వెనక్కి తగ్గే మన ఇళ్లకు ఇది దారి చూపుతుంది. ఇక జకాత్ సంగతి. కోర్సు పేరు చూసి జకాత్ ఇవ్వకూడదు, తీసుకునేవాడు దానికి అర్హుడా కాదా అన్నదే చూడాలి. కాబట్టి జకాత్ పద్దును ఈ నిధితో కలపం. అర్హులైన విద్యార్థుల విషయంలో ఉలమా చెప్పినట్టు నడుచుకుంటాం.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

గేట్ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. బీ.టెక్ మూడో ఏడాదిలోనే రాయవచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అంటే ఒకసారి తప్పినా ఇంకో అవకాశం ఉంది. వేలకు వేలు పోసి కోచింగ్‌కు వెళ్లలేనివారికి ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వరంగల్ ఎన్‌ఐటీ మెకానికల్ విభాగంలో ఎడిటివ్ మాన్యుఫాక్చరింగ్ పేరుతోనే ఎం.టెక్ ఉంది. ఆ పేరే ఉండాలని లేదు. మాన్యుఫాక్చరింగ్, మెటీరియల్స్, మెటలర్జీ ఎం.టెక్‌లలో చేరి ఈ విషయం మీద ప్రాజెక్టు చేసినా దారి ఇదే. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లోహపు పొడుల మీద పరిశోధనకే ఏర్పడిన జాతీయ సంస్థ. నేషనల్ సెంటర్ ఫర్ ఎడిటివ్ మాన్యుఫాక్చరింగ్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అనంతపురం నుంచి రాత్రి రైలెక్కితే పొద్దునకు చేరే ఊరు అది.

కుల ధ్రువపత్రం విషయంలో ఒక జాగ్రత్త. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ-ఇ కింద వచ్చిన రిజర్వేషన్ కేంద్ర సంస్థలో కూడా వస్తుందని అనుకుని కూర్చోవద్దు. తమ పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో, లేకపోతే ఈడబ్ల్యూఎస్ పత్రానికి అర్హత ఉందో కౌన్సెలింగ్‌కు ముందే చూసుకోవాలి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు అయిదు సంగతులు అడగమని మేము చెబుతున్నాం. లోహం ప్రింట్ చేసే మిషన్ ఉందా, లేక ప్లాస్టిక్ ప్రింటరు చూపించి కోర్సు నడుపుతున్నారా? విద్యార్థిని ఆ మిషన్ ముట్టుకోనిస్తారా? ప్రింట్ అయినదాన్ని పరీక్షించే ల్యాబ్ ఉందా? ఈ విషయం మీద పరిశోధన చేసే అధ్యాపకుడు ఉన్నాడా? రెండో ఏడాది ప్రాజెక్టుకు పరిశ్రమకు పంపుతారా? ఈ అయిదింటికి జవాబు లేని చోట కోర్సు పేరు ఎంత బాగున్నా చేరవద్దు. మూడు నెలల్లో నిపుణుణ్ణి చేస్తామని లక్షలు అడిగే సర్టిఫికెట్ కోర్సులకు మన నిధి నుంచి డబ్బు ఇవ్వం.

విదేశీ చదువు గురించి కూడా అడుగుతున్నారు. అమెరికాలో పెన్ స్టేట్, ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల్లో ఈ పేరుతో పీజీ కోర్సులు వచ్చాయి. జర్మనీలో ఫీజు తక్కువే గానీ, 2024 సెప్టెంబరు నుంచి వీసాకు ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు ఖాతాలో చూపించాలి. మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్ పథకాన్ని, పీహెచ్‌డీకి ఇచ్చిన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. ఇల్లు తాకట్టు పెట్టి విమానం ఎక్కేముందు, స్టైపెండ్‌తో ఇక్కడే చదివే దారి చూడమని మా సలహా. ఇక్కడి ఎం.టెక్ తర్వాత ఫెలోషిప్‌తో బయటికి వెళ్లే దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

దాతలను అడుగుతున్నది

డబ్బు ఒక్కటే అడగడం లేదు. హిందూపురంలో, తాడిపత్రిలో, గుంతకల్లులో వర్క్‌షాపులు, యూనిట్లు ఉన్న సోదరులు సెలవుల్లో ఒక విద్యార్థిని తమ దగ్గర పని చూడనివ్వండి. ఏ భాగం ఎందుకు విరుగుతుందో షెడ్డులో చూసినవాడికి తరగతి గదిలో పాఠం త్వరగా ఎక్కుతుంది. హైదరాబాద్‌లో, వరంగల్‌లో స్థిరపడినవారు కౌన్సెలింగ్‌కు వచ్చిన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకూ వారి వెంట వచ్చే తల్లులకూ రెండు రాత్రులు ఇంట్లో చోటివ్వండి. ఇంజినీర్లుగా పనిచేస్తున్నవారు నెలకో గంట ఫోనులో వారి సందేహాలు తీర్చండి. ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు "ఇంకో రెండేళ్లు" అని గొంతు దాకా వచ్చిన మాట మింగేస్తే, మీరే అడిగి బయటికి తీయండి. ఆ రెండేళ్లలో మొదటి నెలల బరువు మోయడానికి ఈ జమాఅత్ ఉందని చెప్పండి.

ఈ నిధి ఎంతమందికి చేరిందో, ఎంత తిరిగి వచ్చిందో, ఎవరు చదువు మధ్యలో ఆపారో దాచకుండా వచ్చే ఏడాది ఇదే సంచికలో లెక్క ఉంచుతాం, ఇన్షా అల్లాహ్. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలని, మన పిల్లల విద్యను నలుగురికి మేలు చేసే విద్యగా చేయాలని, ఈ నేలకు వానలు ప్రసాదించాలని దువా చేస్తున్నాం.